నాటాల్ వెళ్లిన ముత్తాత: ఓడ జాబితా నంబరు నుంచి ఊరి దాకా ఎలా చేరాలి?

నాగావళి_ఒడ్డు

దక్షిణాఫ్రికాలో పాత నాటాల్ ప్రాంతపు రేవు డర్బన్‌లో స్థిరపడ్డ ఒక కుటుంబానికి వాళ్ల ముత్తాత ఊరు వెతికిపెట్టాలి. వాళ్ల చేతిలో ఉన్నవి ఇవి.

తాతగారి జనన ధ్రువపత్రం నకలు. అందులో తండ్రి పేరు అప్పలస్వామి, పక్కన లక్ష దాటిన ఆరంకెల నంబరు. తల్లి పేరు పైడమ్మ. ఆమె పేరు పక్కనా ఒక నంబరు ఉంది కానీ అది అయిదంకెలదే.

ముత్తాత, ముత్తవ్వల వివాహ నమోదు పత్రం. దాని మీది తేదీ తాతగారు పుట్టిన చాలా ఏళ్ల తరవాతది.

"మనది చికాకోల్" అని ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్న మాట.

ఇంటిపేరు స్థానంలో ఇప్పుడు నాయుడు అని రాసుకుంటున్నారు. ఓడ పేరు, వచ్చిన ఏడాది తెలియవు. చికాకోల్ అంటే శ్రీకాకుళమే కాబట్టి నేరుగా ఇక్కడి రెవెన్యూ రికార్డుల్లో మొదలుపెట్టొచ్చా?

పాతదస్త్రం

ఇప్పుడే శ్రీకాకుళం వెళ్లకండి. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా విలువైనది ఆ ఆరంకెల నంబరు. ముందు దాని సంగతి తేల్చండి.

దాన్ని కలోనియల్ నంబరు అంటారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరింది. అప్పటి నుంచి 1911 జులైలో చివరి ఓడ ఉమ్‌లాజీ వచ్చేదాకా, దిగిన ప్రతి ఒప్పంద కూలీకీ (అయిదేళ్లు పనిచేస్తామని ఒప్పుకుని వచ్చినవాళ్లు) 1 నుంచి వరుసగా నంబరు వేశారు. వెంట వచ్చిన పిల్లలకూ వేశారు. మొత్తం 152184 మంది. 1866 తరవాత 1874 దాకా ఓడలు ఆగిపోయాయి. అప్పటికి దిగినవాళ్లు సుమారు 6,400 మంది. అందువల్ల నంబరు ఎంత పెద్దదో చూస్తే చాలు, ఏ కాలంలో వచ్చారో తెలిసిపోతుంది. లక్ష దాటింది అంటున్నారు కాబట్టి మీ అప్పలస్వామి 1900 తరవాతి దశాబ్దంలో వెళ్లిన మనిషి.

ఓడ జాబితాలో ఆ నంబరు ఎదురుగా ఒక వరుస ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, ఎత్తు, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీది గుర్తులు, ఏ యజమానికి కేటాయించారు అన్న వివరాలు అందులో దొరుకుతాయి. ఠాణా అన్న గడిలో మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లకు తాలూకా పేరు రాశారు. తొలి ఓడల జాబితాల్లో గడులు చాలా ఖాళీగా ఉంటాయి. మీది చివరి కాలం కాబట్టి నిండుగా ఉండే అవకాశం ఎక్కువ.

ఈ జాబితాలను కంప్యూటర్‌కి ఎక్కించారు. డర్బన్‌లో క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయం వారి గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్‌లో ఆ పని జరిగింది. అక్కడ వెతికేటప్పుడు పేరు కొట్టకండి, నంబరు కొట్టండి. అప్పలస్వామి అని కొడితే ఉత్తరాంధ్ర మగవాళ్లు కుప్పలుగా వస్తారు. వాళ్లలో మీ మనిషెవరో చెప్పే దారి ఉండదు.

తల్లి నంబరు అయిదంకెలే అంటున్నారు కదా. అంటే ఆమె వేరే ఓడలో, అతని కన్నా ముందు వచ్చింది. వాళ్ల పెళ్లి నాటాల్‌లోనే అయింది. ఆమె ఊరిని వేరే పనిగా పెట్టుకుని వెతకాలి. ఆయన ఊరే ఆమె ఊరు అనుకుంటే అక్కడే దారి తప్పుతారు.

గోస్తని

పై మాటకు ఒక జాగ్రత్త చేరుస్తాను. జనన పత్రం మీది నంబరు అప్పటి గుమాస్తా చేత్తో ఎక్కించింది. ఆ తరవాత నకలు తీసిన ప్రతిసారీ ఎవరో మళ్లీ రాశారు. 1కీ 7కీ, 3కీ 8కీ, 0కీ 6కీ తేడా చెరిగిపోతుంది. పక్కపక్క అంకెలు తారుమారవుతాయి. నంబరు కొట్టగానే వచ్చిన వరుసను నమ్మేయకండి. పేరు, వయసు, ఆడా మగా సరిపోవాలి. వచ్చిన వరుసలో అయిదేళ్ల ఆడపిల్ల పేరుంటే అంకె తప్పుపడ్డట్టే. అప్పుడు అనుమానమున్న అంకెలు ఒక్కొక్కటే మార్చి చూడాలి, ఆ తరవాత పక్కపక్క అంకెలు తిరగేసి చూడాలి.

ఇంకొకటి. నాటాల్‌లో పుట్టిన పిల్లలకు ఓడ నంబరు ఉండదు. కొడుకు పత్రాల మీద కనిపించే నంబరు చాలాసార్లు తండ్రిదో తల్లిదో అవుతుంది. దాన్ని కొడుకు నంబరు అనుకుని వంశవృక్షంలో ఒక తరం జరిపేసిన వృక్షాలు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. మీ పత్రంలో నంబరు తండ్రి పేరు పక్కనే ఉంది కాబట్టి ఆ చిక్కు లేదు.

వంశధార

వయసు గురించి కూడా. జాబితాలోని వయసు, ఓడెక్కించే ముందు ఉంచే డిపోలో మనిషిని చూసి వేసిన అంచనా. అయిదేళ్లు అటూ ఇటూ ఉండొచ్చు. వివాహ పత్రంలో ఒకటి, మరణ పత్రంలో ఇంకొకటి ఉంటే ఓడ జాబితాలోదాన్నే కొంత ఎక్కువ నమ్మండి. మరణ పత్రంలో వయసు చెప్పింది పిల్లలో ఇరుగుపొరుగో అయి ఉంటారు.

నాగావళి_ఒడ్డు

అందరికీ ధన్యవాదాలండీ. నంబరు సరిపోయింది. వరుసలో ఇలా ఉంది: పేరు అప్పలసామి, తండ్రి ఎర్రిగాడు, వయసు 22, జిల్లా గంజాం, ఠాణా చికాకోల్, ఊరు వెంగటాబురం. ఒంటి మీది గుర్తు ఎడమ ముంగాలి మీద మచ్చ. యజమాని గడిలో ఒక చెరకు తోట పేరు.

రెండు సందేహాలు. శ్రీకాకుళం గంజాంలో ఎందుకుంది? వెంగటాబురం అనే ఊరు నాకు ఏ పటంలోనూ కనబడలేదు.

వంశధార

జిల్లా సరిగానే రాశారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా చికాకోల్, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు గంజాం జిల్లాలోవే. ఆ ఏడాది అవి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అందుకని మీ మనిషికి సంబంధించిన 1936 ముందటి కాగితం ఏదైనా గంజాం పేరు మీదే వెతకాలి. విశాఖపట్నం పేరు మీద వెతికితే దొరకదు. పాలకొండ, బొబ్బిలి, పార్వతీపురం వైపు వాళ్లకు మాత్రం మొదటి నుంచీ విశాఖపట్నం జిల్లానే.

ఇదే చిక్కు మిగతా కోస్తాలోనూ ఉంది కాబట్టి ఇక్కడే రాసిపెడుతున్నాను. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది, అంతకుముందు అందులో చాలా భాగం కృష్ణా జిల్లా. 1925లో కృష్ణా జిల్లా నుంచి పశ్చిమ గోదావరి విడిపోయింది, అప్పటి గోదావరి జిల్లా పేరు తూర్పు గోదావరి అయింది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అందులో చాలా భాగం అంతకుముందు ఉత్తర ఆర్కాటు. ఒంగోలు వైపు వాళ్లకు ప్రకాశం జిల్లా 1970 నాటిది. విజయనగరం 1979 నాటిది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022లో జిల్లాలు మళ్లీ విడగొట్టారు. ఓడ జాబితాలోని జిల్లా, తాలూకాలను ఆనాటి పటం మీద పెట్టి, అక్కడి నుంచి ఒక్కొక్క మార్పూ దాటుకుంటూ ఇప్పటి మండలానికి రావాలి. ఇప్పటి పటం పట్టుకుని వెనక్కి పోతే పొరుగు జిల్లాలో చిక్కుకుంటారు.

గోస్తని

వెంగటాబురం అంటే వెంకటాపురమే అయి ఉంటుంది. నమోదు మద్రాసు డిపోలో జరిగింది. రాసినవాడికి తమిళం అలవాటు. ఆ ఉచ్చారణలో క, గలు, ప, బలు, త, దలు ఒకదాని చోట ఒకటి వస్తాయి. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోకి దించినప్పుడు ఇంకో మెలిక పడుతుంది. ఊరు వెతికేటప్పుడు ఈ మూడు జతలనూ మార్చి మార్చి చూడాలి. చివరనున్న పురం, పేట, పాలెం, వలస కూడా నమ్మకమైనవి కావు. వలసను వలె అనో, ఒలస అనో రాసి ఉంటారు. ముందుండే పెద, చిన ఎగిరిపోతాయి.

మనుషుల పేర్లకూ ఇదే పద్ధతి. సన్యాసి అన్న పేరు సనాసిగా, పోలయ్య పోలియాగా, లచ్చన్న లట్చనాగా మారిపోతుంది. కానీ పేరు మూలం తెలిస్తే మనకు ఒక సాయం దొరుకుతుంది. అప్పల, సింహాద్రి అన్నవి సింహాచలం చుట్టుపక్కల, పైడి అన్నది పైడితల్లి కొలువున్న విజయనగరం చుట్టుపక్కల, నూక అన్నది నూకాలమ్మ కొలువున్న అనకాపల్లి చుట్టుపక్కల ఎక్కువ. పైడమ్మ ఊరి జాడ వెతికేటప్పుడు ఈ దిక్కు ఉపయోగపడుతుంది. రుజువు మాత్రం కాదు. ఆ పేర్లన్నీ ఉత్తరాంధ్ర అంతటా వ్యాపించినవే.

అడంగల్

రెవెన్యూ వైపు నేను చెబుతాను.

మొదటి మెట్టు, వెంకటాపురాలన్నిటి పట్టిక. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు తాలూకావారీ గ్రామాల అకారాది జాబితాలు అచ్చయ్యాయి. స్వాతంత్ర్యం తరవాత 1951 నుంచి జిల్లా జనగణన పుస్తకాల్లో ప్రతి తాలూకా గ్రామాల పేర్లూ ఉన్నాయి. పాత చికాకోల్ తాలూకా హద్దుల్లోకి వచ్చే వెంకటాపురాలు, వెంకటాపేటలు, వెంకంపేటలు అన్నీ ఒక కాగితం మీద రాయండి. అక్కడితో ఆగకండి. ఈ జాబితాల్లో ఉండేవి రెవెన్యూ గ్రామాలు. శివారు గ్రామాలు, అంటే పెద్ద ఊరికి అనుబంధంగా ఉన్న చిన్న నివాసాలు, వాటిలో కనబడవు. కూలి పనికి వెళ్లినవాళ్లలో శివారు ఊళ్ల వాళ్లు చాలామంది ఉండటానికి అవకాశం ఉంది. శివారులకు సర్వే ఆఫ్ ఇండియా వారి మైలుకు అంగుళం పాత పటాలు చూడాలి. వాటిలో గుడిసెల గుంపులకు కూడా పేర్లు రాశారు.

రెండో మెట్టు, ఆ ఊరు ప్రభుత్వ గ్రామమా, జమీందారీ గ్రామమా, ఇనాం (మాన్యంగా ఇచ్చిన) గ్రామమా అన్నది. ఇది తేలకుండా ఏ కార్యాలయానికి వెళ్లినా లాభం లేదు. ఏ రికార్డు పుట్టిందో, ఏది అసలు పుట్టనే లేదో దీన్నిబట్టే ఉంటుంది.

ప్రభుత్వ గ్రామమైతే రైత్వారీ పద్ధతి, అంటే రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టేవాడు. పట్టాదారు పేరుతో సహా సర్వే నంబర్ల వారీగా సెటిల్‌మెంట్ రిజిస్టరు, తరవాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు తయారయ్యాయి. ఆర్ఎస్ఆర్ అనీ, డైగ్లాట్ అనీ అడిగితే కార్యాలయాల్లో వెంటనే అర్థమవుతుంది. జమీందారీ గ్రామమైతే ప్రభుత్వానికి రైతుతో పనే లేదు, శిస్తు జమీందారు కట్టేవాడు. రైతు పేర్లు జమీందారు ఠాణాల లెక్కల్లో ఉండేవి. జమీందారు ఇచ్చే పట్టాలు, బదులుగా రైతు రాసిచ్చే ముచ్చిలికలు 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టానికి ముందూ ఉన్నాయి, తరవాతా కొనసాగాయి. అసలైన సెటిల్‌మెంట్ 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాతే జరిగింది. దాని ఫలితమే ఎస్ఎఫ్ఏ, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. 1905 ప్రాంతంలో వెళ్లిపోయిన మనిషి తండ్రి పేరు కోసం ఎస్ఎఫ్ఏలో వెతకడమంటే రెండు తరాలు దాటిపోయి వెతకడం.

మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. గంజాం జిల్లాలో ప్రభుత్వ తాలూకాలు మూడే: గుంసూరు, బరంపురం, చికాకోల్. విశాఖపట్నం జిల్లాలోనూ మూడే: గొలుగొండ, సర్వసిద్ధి, పాలకొండ. మిగతాదంతా చాలావరకు జమీందారీ. మీ మనిషి తాలూకా ఆ కొద్దిపాటి ప్రభుత్వ తాలూకాల్లో ఒకటి. తాలూకాలో జమీందారీ, ఇనాం ఊళ్లు కూడా కలిసి ఉంటాయి కాబట్టి ఊరి స్థితి విడిగా చూడాలి. అయినా రైత్వారీ రిజిస్టరు దొరికే ఆశ పెట్టుకోవచ్చు.

పాతదస్త్రం

అడంగల్ గారూ, భూమి లేనివాళ్ల మాటేమిటి? ఓడెక్కినవాళ్లలో పట్టా ఉన్నవాళ్లు తక్కువేమో కదా.

అడంగల్

నిజమే. అందుకే రిజిస్టరులో పేరు కనబడనంత మాత్రాన "ఈ ఊరు కాదు" అని కొట్టేయకూడదు. కౌలుదారు, పాలికాపు, కూలి, వీళ్ల పేర్లు అందులో ఉండవు.

కానీ పట్టా భూమి లేని కుటుంబాలు కూడా కనబడే రికార్డు ఒకటుంది, దాన్ని జనం వదిలేస్తారు. ఇనాం ఫెయిర్ రిజిస్టరు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ 1858లో మొదలైంది. ఊళ్లో ప్రతి ఇనాం ముక్కనూ విచారించి నమోదు చేశారు. గుడి ఇనాం, బ్రాహ్మణ ఇనాం మాత్రమే కాదు. మంగలి, చాకలి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, వెట్టి వంటి ఊరి సేవకు ఇచ్చిన చిన్న చిన్న ముక్కలూ ఉన్నాయి. ఇనాం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడెవరి అనుభవంలో ఉంది, వాళ్ల వయసెంత, మూలపురుషుడికి ఏమవుతారు అన్న గడులు ఉన్నాయి. 1905లో 22 ఏళ్లవాడి తాత 1860 ప్రాంతంలో బతికే ఉండి ఉంటాడు. కులం గడిలో వృత్తి కులం ఉంటే నేను ముందు చూసేది ఇదే. ఒక్క పేజీలో మూడు తరాలు దొరకడానికి వీలున్న రికార్డు మన దగ్గర ఇంకొకటి లేదు.

పేర్లు పోల్చేటప్పుడు, ఓడ జాబితాలో ఎర్రిగాడు అని ఉన్నవాడు ఇక్కడ ఎర్రయ్య, ఎర్రన్న, ఎర్రినాయుడు అని ఉండొచ్చు. ఇంటిపేరు ఇక్కడ ఉంటుంది, అక్కడ ఉండదు. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు కనిపిస్తే అందరినీ రాసుకోండి, ఎవరినీ ఎంచుకోకండి.

తాండవతీరం

నాయుడు అన్న పేరును బట్టి కులం, దాన్నిబట్టి ఇంటిపేరు పట్టుకోలేమా? ఊళ్లో ఆ కులానికి ఉన్న ఇంటిపేర్లు కొన్నే ఉంటాయి కదా.

పాతదస్త్రం

తొందరపడకూడదండీ. నాటాల్‌లో రెండో తరం వాళ్లకు ఇంటిపేరు అవసరమైంది. కొన్ని కుటుంబాలు బిరుదు పేరు పెట్టుకున్నాయి. కొన్ని తండ్రి పేరునే పెట్టుకున్నాయి, అందుకే అక్కడ అప్పలసామి ఇంటిపేరుగా కూడా ఉంది. నాయుడు అన్నది మన దగ్గరే కాపు, తెలగ, వెలమ, గవర, కమ్మ, ఇంకా ఎన్నో కులాల్లో ఉంది. అక్కడ వాటిలో ఏదీ కానివాళ్లూ పెట్టుకున్నారు. ఓడ జాబితాలోని కులం గడిని కూడా పూర్తిగా నమ్మలేం. భర్తీ చేసే మేస్త్రీకి నచ్చే కులం చెప్పినవాళ్లున్నారు, గుమాస్తా తనకు తోచింది రాసిన సందర్భాలున్నాయి. దాన్ని ఒక సూచనగా తీసుకోండి. ఊరు, తండ్రి పేరు రెండూ కలిశాక కులం కూడా కలిస్తే బలం చేరుతుంది. మొదటి జల్లెడగా కులాన్ని వాడితే అసలు మనిషి కిందికి జారిపోతాడు.

నాగావళి_ఒడ్డు

పెళ్లి నమోదు తేదీ సంగతి ఇంకా అర్థం కాలేదు. కొడుకు పుట్టిన తరవాత అన్నేళ్లకు పెళ్లి ఏమిటి? డర్బన్ వాళ్లు దీని గురించి కొంచెం ఇబ్బంది పడుతున్నారు.

పాతదస్త్రం

ఇబ్బంది పడాల్సింది ఏమీ లేదని వాళ్లకు గట్టిగా చెప్పండి. అది పెళ్లి తేదీ కాదు, నమోదు తేదీ. మన పద్ధతిలో పెళ్లి చేసుకున్నవాళ్లకు రక్షకుడి (భారతీయ వలసదారుల వ్యవహారాలు చూసే నాటాల్ అధికారి) దగ్గర నమోదు చేయించుకోవాలన్న నిబంధన 1891 నాటి 25వ చట్టంలో ఉంది. చాలామంది చేయించలేదు. 1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టులో జస్టిస్ సెర్ల్ ఇచ్చిన తీర్పు క్రైస్తవేతర పెళ్లిళ్లకు గుర్తింపు లేదన్నంత పని చేసింది. సత్యాగ్రహం తరవాత 1914లో వచ్చిన ఇండియన్ రిలీఫ్ చట్టం, అప్పటికే కలిసి ఉంటున్న దంపతుల పెళ్లిని నమోదు చేసుకునే వీలు కల్పించింది. అందుకే ఎదిగిన పిల్లలున్న జంటల నమోదులు ఆ తరవాత కనిపిస్తాయి. మీ పత్రం తేదీ 1914 తరవాతది అయితే ఇదే కారణం కావొచ్చు.

ఓడల్లో ప్రతి 100 మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు ఉండాలన్నది నియమం. ఆడవాళ్ల సంఖ్య తక్కువ కాబట్టి, వేరువేరు ఊళ్ల, వేరువేరు కులాల వాళ్లు అక్కడ జంటలయ్యారు. పైడమ్మ వరుస తీసినప్పుడు ఆమె నంబరుకు ముందూ వెనకా ఉన్న నంబర్లు కూడా చదవండి. ఒక కుటుంబంగా వచ్చినవాళ్లకు వరుస నంబర్లు పడ్డాయి. ఆమె తల్లో, అక్కో, మొదటి భర్తో పక్కనే ఉండవచ్చు.

నాగావళి_ఒడ్డు

చూశాను. అవునండీ, 1915 నమోదు. పైడమ్మ వరుసకు ముందు నంబరు నలభై ఏళ్ల ఒక స్త్రీది, ఊరు, ఠాణా ఒకటే. ఇద్దరిదీ విశాఖపట్నం జిల్లా.

పాతదస్త్రం

ఆ స్త్రీ తల్లి అయ్యే అవకాశం ఉంది. పైడమ్మ వరుసలో ఉన్నది తండ్రి పేరు కాబట్టి దానితో నేరుగా తేలదు. ఆ స్త్రీ పేరు మీద ఉన్న మరణ పత్రం తీయించండి, అందులో సంతానం పేర్లు ఉంటే తేలిపోతుంది.

ఇక అప్పలస్వామి నాటాల్ జీవితం. 1895 నాటి 17వ చట్టం ప్రకారం, ఆ తరవాత వచ్చినవాళ్లు అయిదేళ్ల ఒప్పందం ముగిశాక మూడింటిలో ఒకటి చేయాలి: తిరిగి రావడం, మళ్లీ ఒప్పందంలో చేరడం, లేదా ఏటా 3 పౌండ్ల పన్ను కట్టడం. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు, తరవాత ఏడాదికి ఒక షిల్లింగు పెరిగేది. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, అంటే మొదటి ఏడాది ఆరు నెలల జీతం. అందుకే చాలామంది మళ్లీ ఒప్పందంలోకి వెళ్లారు. ఓడ జాబితాలో ఉన్న తోట పేరు ఆయన మొదటి యజమానిది మాత్రమే. తాత పుట్టిన చోటు ఇంకో తోటో, రైల్వేనో, బొగ్గు గనో అయితే అది రెండో ఒప్పందం అయి ఉండొచ్చు.

దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్‌కి ఎన్ఏఏఐఆర్ఎస్ అనే అన్వేషణ సూచిక ఉంది. నాటాల్ పత్రాలకు అందులో ఎన్ఏబీ అన్న గుర్తు పీటర్‌మారిట్జ్‌బర్గ్ భాండాగారానికి, టీబీడీ అన్నది డర్బన్ భాండాగారానికి. రెండు ఐ అక్షరాల గుర్తుతో ఉన్న వరుస భారతీయ వలస శాఖ దస్త్రాలది. యజమాని మీద ఫిర్యాదులు, బదిలీ అర్జీలు, తిరుగు ప్రయాణం కోరుతూ పెట్టుకున్న విన్నపాలు అందులో ఉన్నాయి. ఎంఎస్‌సీఈ అన్నది మృతుల ఆస్తి దస్త్రాల వరుస. చిన్నపాటి ఆస్తి ఉన్నా దస్త్రం తెరిచేవారు. అందులో ఉండే మరణ నోటీసులో పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు, భార్య, పిల్లల పేర్లు రాయాలి. నాటాల్ ఆస్తి దస్త్రాల్లో చాలావాటి ఛాయాచిత్రాలు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు.

ఈ సూచికలో వెతికేటప్పుడు పేరు వర్ణక్రమం చాలా రకాలుగా ఇవ్వాలి. సూచిక తయారుచేసినవాళ్లు దస్త్రం మీద ఎలా ఉందో అలాగే ఎక్కించారు. కొన్ని దస్త్రాల శీర్షికలో కలోనియల్ నంబరు కూడా ఉంటుంది కాబట్టి నంబరునూ ఒకసారి కొట్టి చూడండి.

రేవుపట్నం

ఒక దారి వదిలేశారు. తెలుగు క్రైస్తవులైతే సంఘ పుస్తకాలు. తెలుగు బాప్తిస్తు సంఘం 1903లో జాన్ రంగయ్యను నాటాల్ పంపింది. కియర్స్‌నీ తేయాకు తోటలో మొదలైన ఆ సంఘం సభ్యత్వ పుస్తకాల్లో తెలుగు కుటుంబాల వివరాలుంటాయి. హిందువులకు 1931లో ఏర్పడ్డ ఆంధ్ర మహాసభ శాఖలు అక్కడ ఉన్నాయి. వాళ్ల ద్వారా అదే ప్రాంతపు ఇతర కుటుంబాల పరిచయం దొరుకుతుంది.

తాండవతీరం

నా ప్రశ్న దీనికి తలకిందులది. ఇక్కడి కుటుంబం, వెళ్లినాయన జాడ కావాలి. నంబరు లేదు, ఏ దేశమో తెలియదు. "ఓడెక్కి పోయాడు" అన్న మాట మాత్రం ఉంది.

రేవుపట్నం

ముందు ఏడాదిని పట్టుకుని దేశాలను తగ్గించండి. నాటాల్‌కైతే 1860 నుంచి 1866, మళ్లీ 1874 నుంచి 1911. ఫిజీకి 1879లోనే ఓడలు మొదలైనా మద్రాసు నుంచి మనుషులను తీసుకెళ్లింది 1903 నుంచి 1916 వరకే. కాబట్టి 1903కు ముందు వెళ్లిన తెలుగాయన ఫిజీ ఒప్పంద కూలీ అయ్యే అవకాశం దాదాపు లేదు. మారిషస్‌కు 1834 నుంచి వలస ఉంది. అక్కడ మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రిజిస్టర్లు ఉన్నాయి. కొంతమందికి ఛాయాచిత్రాలు కూడా ఉన్నాయి. మన కోరంగి రేవు పేరుతోనే అక్కడ తెలుగువాళ్లను పిలిచేవారు.

రంగం అని మనవాళ్లు పిలిచే రంగూన్ అయితే కష్టం. బర్మాకు ఈ ఒప్పంద పద్ధతి లేదు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి, కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల్లో స్టీమరు ఎక్కించేవాడు. 1937 దాకా బర్మా బ్రిటిషు ఇండియాలో భాగం, వెళ్లడానికి అనుమతి పత్రమూ అక్కర్లేదు. నాటాల్ లాంటి మనిషికో వరుస జాబితా దీనికి లేదు. మనియార్డర్ రసీదులు, ఉత్తరాల మీది ముద్రలు, ఇంట్లో దాచిన కాగితాలే ఆధారం.

నాటాల్ అనుకుంటే మీ దగ్గర ఊరు, తండ్రి పేరు, తాలూకా ఉన్నాయి. జాబితాలో ఊరి పేరుతో వెతకండి, పైన గోస్తని గారు చెప్పిన అక్షరాల మార్పులన్నీ వేసి. ఒకే ఊరి నుంచి ఒకే ఓడలో నలుగురైదుగురు వెళ్లారంటే వాళ్లంతా ఒకే మేస్త్రీ చేతిలో పడి ఉంటారు. వాళ్ల పేర్లు ఊళ్లో చదివి వినిపిస్తే, మీవాడి పేరు గుర్తులేని ముసలివాళ్లకు కూడా తోటివాడి పేరు గుర్తుకు రావొచ్చు.

వంశధార

ఓడ పేరుతో వెతికితే ప్రయాణం సంఖ్య కూడా చూసుకోండి. చివరి కాలంలో ఉమ్‌లాజీ, ఉమ్‌జింటో, ఉమ్‌వోటి, కాంగెల్లా, పొంగోలా లాంటి ఓడలు ఏటేటా తిరిగాయి. ఉమ్‌లాజీ 43 అంటే ఆ ఓడ నలభై మూడో ప్రయాణం. ఓడ పేరు ఒక్కటే రాసుకుంటే పనికిరాదు.

అకస్మాత్తుగా నాటాల్ రికార్డుల్లో మాయమైన మనిషి చనిపోయాడని అనుకోవద్దు. 1914 చట్టం కింద నివాస హక్కు వదులుకున్నవాళ్లకు ఉచితంగా తిరుగు ఓడ ప్రయాణం ఇచ్చారు. 1927 కేప్ టౌన్ ఒప్పందం కింద తిరిగి వచ్చిన పెద్దవాళ్లకు తలా 20 పౌండ్లు ఇచ్చారు. అలా వచ్చినవాళ్లలో సొంత ఊరికి చేరక మద్రాసులోనే ఉండిపోయినవాళ్లున్నారు.

నాగావళి_ఒడ్డు

పాత చికాకోల్ తాలూకాలో ఇప్పటికి మూడు వెంకటాపురాలు తేలాయి, ఒకటి శివారు. రిజిస్ట్రార్ ఆఫీసులో పాత దస్తావేజులు కూడా చూడొచ్చా?

అడంగల్

చూడొచ్చు, కానీ ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) మీద ఆధారపడకండి. కంప్యూటర్‌లో ఉన్నది సుమారు 1983 నుంచే. అంతకుముందువి సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలోని పుస్తకాల్లో చేత్తో వెతకాలి. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఉంటాయి. పేర్ల సూచిక ఇండెక్స్ ఒకటి, ఆస్తి సూచిక ఇండెక్స్ రెండు. ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. వీలునామాలున్న మూడో పుస్తకం నకలు, రాసినవాళ్లు చనిపోయాక అడిగినవాళ్లకు ఇస్తారు; ఇతర దస్తావేజుల నాలుగో పుస్తకం నకలు మాత్రం సంబంధిత పక్షాలకే ఇస్తారు. ఆ ఊరు అప్పట్లో ఏ సబ్‌రిజిస్ట్రీ కింద ఉందో ముందు కనుక్కోండి. పరిధులు మారాయి, పాత పుస్తకాలు ఇంకో ఊళ్లో ఉండే అవకాశం ఉంది.

దస్తావేజుల్లో వెతకాల్సింది ఒక రకం వాక్యం. అన్నదమ్ముల భాగపరిష్కారంలో, "దేశాంతరము పోయిన" తమ్ముడి వాటా గురించి రాసేవారు. అతని పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ ఒక్కచోట ఉంటాయి. ఇంటిపేరు పట్టుకోవడానికి అంతకన్నా సూటి దారి నాకు కనబడలేదు.

తహశీల్దారు కార్యాలయంలో దరఖాస్తు రాసేటప్పుడు "మా పూర్వీకుల రికార్డులన్నీ ఇప్పించండి" అని రాస్తే వెనక్కి వస్తుంది. రెవెన్యూ గ్రామం పేరు, పాత తాలూకా పేరు, రిజిస్టరు పేరు, పట్టాదారు పేరు ఇన్ని రకాల వర్ణక్రమంతో, ఇవి ఒకే దరఖాస్తులో ఉండాలి. ఒక దరఖాస్తుకు ఒక ఊరు, ఒక రిజిస్టరు. మూడు వెంకటాపురాలకు మూడు దరఖాస్తులు పెట్టండి. సమాధానంలో "రికార్డు లభ్యం కాలేదు" అని వస్తే, సెంట్రల్ సర్వే ఆఫీసులో నకలు ఉందా, కలెక్టరేట్ రికార్డు రూములో ఉందా అన్నది లిఖితపూర్వకంగా అడగండి. మండలంలో లేనిది జిల్లాలో ఉండటం మామూలే.

గోస్తని

శివారు వెంకటాపురాన్ని ముందు చూడండి అంటాను. దాని తల్లి గ్రామం పేరు మీద రిజిస్టరు ఉంటుంది, దరఖాస్తులో ఆ పేరే రాయాలి. ఊళ్లోకి వెళ్లినప్పుడు మీ దగ్గరున్న వరుసను మొత్తం చూపించకుండా, ఎర్రిగాడు అనే మనిషి కొడుకుల్లో ఓడెక్కినవాడు ఉన్నాడా అని మాత్రం అడగండి. అప్పలస్వామి అన్న పేరు వాళ్ల నోటి నుంచే రావాలి. మనం ముందే చెప్పేస్తే మర్యాదకైనా అవునంటారు.

నాగావళి_ఒడ్డు

అలాగేనండీ. మూడు దరఖాస్తులూ ఈ వారమే పెడుతున్నాను, శివారుది తల్లి గ్రామం పేరు మీద. ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలుకూ విడిగా రాస్తున్నాను. డర్బన్ వాళ్లు ఎంఎస్‌సీఈ దస్త్రాల్లో అప్పలసామిని వెతుకుతున్నారు. ఏది ముందు వచ్చినా ఇక్కడ పెడతాను.